మునిగే ముందు లెక్క



ఈ నెల మన పేజీకి కుప్పంనుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడికి పన్నెండేళ్ళు. అతను అడిగిన సంగతి మీలో చాలామందికి పనికివస్తుంది గనక, పేరు మాత్రం చెప్పకుండా, ఆ ఉత్తరాన్ని మీకందరికీ వినిపిస్తాను.

“అన్నయ్యా! మా ఊళ్ళో సముద్రం లేదు. పాలారులో నీళ్ళు ఎప్పుడోగాని కనపడవు. కాని మా పొలంలో పెద్ద బావి ఉంది. నేను సొరబుర్ర కట్టుకుని ఏడో యేటనే ఈత నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరైనా రూపాయి బిళ్ళ బావిలో వేస్తే, ఒక్క గుక్క ఊపిరితో అడుగుదాకా పోయి తీసుకువస్తాను. బెంగుళూరులో పనిచేసే మా చిన్నాయన ఈ వేసవిలో మమ్మల్ని అండమాను దీవులకు తీసుకుపోతానంటున్నాడు. గాలి సిలిండరు వీపుకు కట్టుకుని సముద్రంలో మునగటం ఆయన నేర్చుకున్నాడు; దానికి కార్డు కూడా ఉంది. ఆయన పథకం ఇది: మే నెల చివర అయిదు రోజులు. దిగిన రోజు సాయంత్రమే ఆయనా, ఆయన స్నేహితుడూ ఒడ్డునుంచి తమంతట తామే మునుగుతారు. నడుమ మూడు రోజులూ పడవలో పోయి, దారి చూపే మనిషితో మునుగుతారు. నన్ను కూడా ఒకసారి ముంచుతారట. అయిదో రోజు పొద్దున్నే మరొకసారి ఒడ్డున మునిగి, ఆ రోజే విమానం ఎక్కి, రాత్రికి కుప్పం చేరతాం. ఒక్క పూట కూడా వృథా కాదు. నాకు బావి అడుగు అలవాటే గదా, సముద్రం ఏమంత కష్టం? ఈ పథకం బాగుందా?”

పథకం చూడటానికి ముచ్చటగానే ఉంది. కాని అందులో మూడు లెక్కలు తప్పినవి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఒకటి ప్రాణంమీదికి తెచ్చేది. ఇంతేగాక, “బావి అడుగు అలవాటే” అన్న మాటలో ఇంకొక పొరపాటు దాక్కుని ఉంది. ముందు దాన్నే పట్టుకుందాం.

బావి చెప్పే పాఠం, చెప్పని పాఠం

బావి అడుగుకు పోయినప్పుడు చెవులు నొప్పి పెడతవి, అవునా? పైనున్న నీటి బరువు మీ చెవిలోని పలచటి పొరను లోపలికి నొక్కుతుంది. నీటిమట్టం దగ్గర మనమీద ఉండే ఒత్తిడి గాలిది మాత్రమే. సముద్రంలో 10 మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలవుతుంది. 20 మీటర్లు దిగితే మూడింతలు, 30 మీటర్లు దిగితే నాలుగింతలు. ఒత్తిడి పెరిగినకొద్దీ గాలి కుదించుకుపోతుంది. ఇక్కడ పూర్తిగా ఊదిన బుడగను 10 మీటర్ల లోతుకు తీసుకుపోతే సగమవుతుంది. ఈ నియమాన్ని 1662లో రాబర్ట్ బాయిల్ లోకానికి చెప్పాడు. పై తరగతుల్లో మీరు చదువుతారు.

అందుచేత మునిగేవాళ్ళు చెవులు నొప్పి పెట్టేదాకా ఆగరు. ప్రతి రెండు మూడు అడుగులకూ ముక్కు పట్టుకుని, నోరు మూసి, మెల్లిగా ఊదుతారు. గాలి చెవుల్లోకి పోయి, లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికి సమానమవుతుంది. జలుబు చేసిన రోజున ఈ దారి మూసుకుపోతుంది. కాబట్టి జలుబు చేస్తే ఎంత డబ్బు కట్టినా సరే, ఆ రోజు మునగరాదు.

ఇంతవరకు బావి చెప్పే పాఠం. చెప్పని పాఠం ఏమిటంటారా? బావిలో మీరు ఊపిరి బిగబట్టి మునుగుతారు. పైన పీల్చిన గాలే లోపలికి పోయేటప్పుడు కుదించుకుని, పైకి వచ్చేటప్పుడు మళ్ళీ మామూలవుతుంది. దానితో చిక్కు లేదు. కాని సిలిండరుతో మునిగేవాడు 10 మీటర్ల లోతున కూర్చుని గాలి పీలుస్తాడు. ఆ గాలి రెండింతల ఒత్తిడిలో ఉంటుంది. అతను ఊపిరి బిగబట్టి పైకి వచ్చాడనుకోండి, ఛాతీలో ఉన్న గాలి రెండింతలుగా ఉబ్బుతుంది. ఊపిరితిత్తులు చిరిగిపోతవి. దీనికి 10 మీటర్లు కూడా అక్కరలేదు. నిలువు లోతు నీళ్ళు చాలు.

చూశావా, తమ్ముడూ! బావిలో నిన్ను గెలిపించిన అలవాటే సముద్రంలో నిన్ను చంపగలదు. కాబట్టి సిలిండరుతో మునిగేవారి మొదటి సూత్రం: ఎన్నడూ ఊపిరి బిగబట్టకు. పీలుస్తూ, వదులుతూనే ఉండు.

గోలీసోడా

రెండో సంగతి చెప్పటానికి ఒక గోలీసోడా తెచ్చుకుందాం. మూత ఉన్నంతసేపూ సోడా మంచినీళ్ళలాగే ఉంటుంది. గోలీని లోపలికి నొక్కగానే బుస్సుమని బుడగలు పొంగుతవి. ఆ గాలి అంతకు ముందు ఎక్కడ ఉంది? నీళ్ళలోనే కరిగి ఉంది. ఒత్తిడి ఎక్కువగా ఉంటే ఎక్కువ గాలి కరుగుతుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే అది బుడగలై బయటపడుతుంది.

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని. లోతున పీల్చినప్పుడు ఈ నత్రజని రక్తంలోనూ, కండల్లోనూ, కొవ్వులోనూ కరుగుతుంది. ఎంత లోతున ఎంతసేపు ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది. మెల్లిగా పైకి వస్తే అది ఊపిరిద్వారా తిరిగి బయటికి పోతుంది. గబగబా వస్తే మనమే గోలీసోడా సీసాలమవుతాం! బుడగలు కీళ్ళలో చేరితే భరించరాని నొప్పి. వెన్నుపాములో చేరితే కాళ్ళు పడిపోతవి.

ఈ లెక్కను కనిపెట్టినవాడు జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు. ఆయనకు సాయపడినవి ఏమిటో తెలుసా? మేకలు! ఇనుప గదిలో మేకలను ఉంచి, లోపల ఒత్తిడి పెంచి, తర్వాత రకరకాలుగా తగ్గించి చూశాడు. ఒత్తిడి త్వరగా తగ్గించినప్పుడు మేకలు ముందు కాలు ఎత్తి కుంటేవి. అంచెలంచెలుగా తగ్గిస్తే హాయిగా నడిచేవి. ఏ లోతున ఎంతసేపు ఉన్నవాడు ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో చెప్పే పట్టికలను ఆయన 1908లో ప్రచురించాడు. ఈనాడు మునిగేవాళ్ళు మణికట్టుకు కట్టుకునే చిన్న కంప్యూటరు చేసేది కూడా ఇటువంటి లెక్కే.

ఈ కథలో ఒక కుర్రవాడు కూడా ఉన్నాడు. 1906లో స్కాట్లండు తీరాన హాల్డేన్ తన కొడుకును కూడా సముద్రంలోకి దించాడు. అప్పుడు ఆ కొడుకుకు 13 ఏళ్ళు. పెద్దవాళ్ళకు కుట్టిన సూటు అతనికి వదులై, మణికట్టు దగ్గరనుంచి నీళ్ళు లోపలికి వచ్చినవి. అయినా కుర్రవాడు బెదరలేదు. అతనే తర్వాత పేరుపొందిన జీవశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్. 1957లో ఆయన మన దేశానికి వచ్చి స్థిరపడ్డాడు. 1964లో భువనేశ్వరంలో చనిపోయాడు. తన దేహం వైద్య విద్యార్థులకు పనికిరావాలని ఆయన కోరాడు. అందుచేత దాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. మేకల దగ్గర మొదలైన కథ చివరికి మన గోదావరి సీమకు వచ్చింది, చిత్రం కాదూ?

మొదటి తప్పు: నెల

ఇక పథకం సంగతి. అండమానులో మునగటానికి శీతకాలం నడుమనుంచి వేసవి నడుమదాకా మంచి కాలం. జనవరినుంచి ఏప్రిల్ వరకు సముద్రం సాధారణంగా చల్లగా నిద్రపోతున్నట్టుంటుంది. నైరుతి ఋతుపవనం కేరళకంటె ముందే, మే నెల మూడో వారం ప్రాంతంలో, అండమాను సముద్రాన్ని తాకుతుంది. మే నెల చివర పోతే అలలు ఎక్కువ, పడవలు ఆగిపోవచ్చు, నీళ్ళు మసకబారుతవి. బడికి సెలవు ఇవ్వగానే, ఏప్రిల్ చివరనే బయలుదేరితే మంచిది. ఇది చిన్న తప్పు. తారీకు మారిస్తే దిద్దుకుంటుంది.

రెండో తప్పు: దిగిన రోజు సాయంత్రం

ఒడ్డునుంచి మునగటం తేలిక అని అందరూ అనుకుంటారు. పడవ అక్కరలేదు, దారి చూపేవాడు అక్కరలేదు, ఖర్చు తక్కువ. నడిచిపోయి మునగటమే గదా! కాని పడవలో పోయేటప్పుడు మనకోసం పదిమంది ఆలోచించే సంగతులన్నీ ఒడ్డు మునకలో మనమే ఆలోచించాలి.

కరిబియన్ సముద్రంలో బొనేర్ అని ఒక చిన్న దీవి ఉంది. ఒడ్డునుంచి తమంతట తాము మునిగేవారికి లోకంలో అంతకంటె పేరుపొందిన చోటు లేదనవచ్చు. అక్కడ రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్ళు ఉంటవి. ఆ రాళ్ళమీద మునిగే చోటు పేరు రాసి ఉంటుంది. వచ్చినవారు సిలిండర్లు బండిలో వేసుకుని, నచ్చిన రాయి దగ్గర ఆపి, జతజతలుగా నీళ్ళలోకి నడుస్తారు. ఆ దీవి చుట్టూ ఉన్న సముద్రం 1979నుంచి రక్షిత ఉద్యానం. ఎంత స్వేచ్ఛ ఉన్నా అక్కడ ఒక నియమం ఉంది. ఎన్నివందల సార్లు మునిగినవాడైనా సరే, ముందు అక్కడి నియమాలు విని, ఒక పరిచయపు మునక చేయాలి. ఆ తర్వాతనే తనంతట తాను తిరగవచ్చు.

ఎందుకంటారా? అలవాటున్న మనిషికి కూడా కొత్త చోటు కొత్తదే. విమానంలో నిద్రలేక, ఎండలో డస్సి, ఆ సాయంత్రమే తెలియని సముద్రంలోకి ఇద్దరే దిగటం తెలివి కాదు. అండమానులో అయితే ఒడ్డునుంచి మునిగినా అక్కడి కేంద్రంవారు సాధారణంగా తమ మనిషిని తోడు పంపుతారు. అది మనమీద నమ్మకం లేక కాదు. ఆ నీళ్ళు వాళ్ళకు తెలుసు గనక.

ఒడ్డు మునకకు ముందు మీ చిన్నాయన వేయవలసిన లెక్కలు చెపుతాను. నువ్వు కాగితంమీద రాసి ఇవ్వు.

మొదటిది, ఆటుపోట్లు. నీరు తీసినప్పుడు పగడపు దిబ్బ పైకి తేలి, కాలు పెట్టటానికి చోటు ఉండదు. పోటుమీద ఉన్నప్పుడు దిగి, అది తీయకముందే బయటికి రావాలి. పోటు వేళలు ఊళ్ళో ఏ పడవవాణ్ణి అడిగినా చెపుతాడు. అప్పుడే ఇంకొక మాట కూడా అడగాలి: “ఇక్కడ మొసళ్ళు వస్తవా?” అండమానులో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నవి. హెచ్చరిక పలక ఉన్నచోట ఎంత అందంగా ఉన్నా దిగరాదు.

రెండవది, దారి. నీళ్ళలో దూరంగా కనిపించదు. మునగకముందే ఒడ్డున ఒక గుర్తు చూసుకోవాలి: ఒంటి కొబ్బరిచెట్టో, ఎర్ర పెంకుల ఇల్లో. దిక్సూచితో పోయే దిక్కు చూసుకుంటే, తిరిగివచ్చే దిక్కు దానికి సరిగా ఎదురు. నీటికి ప్రవాహం ఉంటే ముందు దానికి ఎదురుగా పోవాలి. అలసిపోయి తిరిగివచ్చేటప్పుడు అదే మనల్ని తోసుకువస్తుంది. సైకిలు తొక్కేవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి అయితే ఎంత సుఖం!

మూడవది, గాలి. ఈ లెక్క నువ్వే వేయవచ్చు. సిలిండరులో 12 లీటర్లు పడుతుంది. కాని గాలిని 200 రెట్లు కుదించి నింపుతారు. అంటే 2400 లీటర్ల గాలి అన్నమాట. అందులో పావు వంతు, అంటే 600 లీటర్లు, ఆపదకని ముట్టుకోకుండా ఉంచాలి. మిగిలింది 1800. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు 10 మీటర్ల లోతున 40 లీటర్లు పీలుస్తాడు. 1800ని 40తో భాగిస్తే 45 నిమిషాలు. 20 మీటర్ల లోతున నిమిషానికి 60 లీటర్లు. కాబట్టి 30 నిమిషాలే. ఒడ్డునుంచి పోయినవాడు ఇందులో సగం కాకముందే వెనక్కు తిరగాలి. సిలిండరు నిండుగా ఉన్నప్పుడు సముద్రం చిన్నదిగా కనిపిస్తుంది. ఖాళీ అయినకొద్దీ ఒడ్డు దూరమవుతుంది!

నాలుగవది, ఒడ్డున కాపలా. ఇది నీ పని, తమ్ముడూ. చిన్నది కాదు. వాళ్ళు ఎన్ని గంటలకు మునిగారో, ఎన్ని గంటలకు పైకి రావాలో, ఎన్ని గంటలు దాటితే ఎవరికి కబురు చేయాలో ముగ్గురూ ముందే అనుకుని కాగితంమీద రాసుకోవాలి. గడియారం చూస్తూ నీడలో కూర్చున్న నువ్వు లేకపోతే, వాళ్ళు రాలేదన్న సంగతే ఎవరికీ తెలియదు.

పడవ మునక

పడవలో పోతే దూరంగా ఉన్న మంచి దిబ్బలు చూడవచ్చు. దారి చూపేవాడు ముందుంటాడు, పడవ పైన కాచుకుని ఉంటుంది. అందుచేత మన లెక్కలన్నీ అతనికే అప్పగించవచ్చునా? వీల్లేదు. నీ గాలి ముల్లు నువ్వే చూసుకోవాలి. నీ జతగాణ్ణి నువ్వే కనిపెట్టుకుని ఉండాలి. పడవ ఎక్కకముందే నాలుగు ప్రశ్నలు అడగాలి. ఒక మార్గదర్శికి ఎంతమందిని అప్పగిస్తారు? పడవలో ఆమ్లజని సిలిండరు ఉందా? ఒడ్డుతో మాట్లాడే సాధనం ఉందా? మునిగినవారిని, తేలినవారిని పేరు పేరునా లెక్కబెట్టేది ఎవరు?

ఈ చివరి ప్రశ్న వినటానికి నవ్వులాటగా ఉంటుంది. కాని 1998 జనవరిలో ఆస్ట్రేలియాలో ఏం జరిగిందో వినండి. గ్రేట్ బారియర్ పగడపు దిబ్బల దగ్గరికి కొంతమందిని తీసుకుపోయిన ఒక పడవ, మునిగిన ఇద్దరిని సముద్రంలోనే మరచిపోయి తిరిగివచ్చింది. లెక్కబెట్టటంలో పొరపాటు జరిగింది. ఆ సంగతి రెండు రోజులు గడిచినదాకా ఎవరూ గుర్తించలేదు. ఆ తర్వాత ఎంత వెతికినా వాళ్ళు దొరకలేదు. అప్పటినుంచి అక్కడ తలలు లెక్కబెట్టే నియమాలు గట్టి చేశారు. మీరు బడినుంచి విహారయాత్రకు పోయినప్పుడు మాస్టారు బస్సులో రెండుసార్లు లెక్కబెడితే విసుక్కోకండి!

పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లకంటె వేగంగా రారాదు. మనం వదిలిన చిన్న బుడగలు మనకంటె ముందే పోతుండాలి. 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగి, మిగిలిన నత్రజనిని వదిలించుకుని అప్పుడు తేలాలి.

నీ సంగతి కూడా చెప్పాలి. శిక్షణ ఇచ్చే సంస్థలు సాధారణంగా పదేళ్ళు నిండినవారిని చేర్చుకుంటవి. నీకు వయసు చాలింది. కాని మొదటిసారి శిక్షకుడు నీ పక్కనే ఉండాలి. 12 మీటర్లకు మించి పోరాదు. అంత లోతు కూడా అక్కరలేదు. పగడపు దిబ్బ సొగసంతా వెలుతురు బాగా పడే పైనీళ్ళలోనే ఉంటుంది. అక్కడ కమలాపండు రంగుమీద తెల్ల పట్టీలున్న చిన్న చేప, పువ్వులాటి ఒక జంతువు చేతుల మధ్య ఇల్లు కట్టుకున్నట్టు ఉంటుంది. ఆ చేతులు మిగిలిన చేపలను కుడతవి, దీన్ని కుట్టవు. చిలుక ముక్కులాటి నోరున్న చేప పగడాన్ని కొరికి, నమిలి, పిండి చేసి వదులుతుంది. నువ్వు ఒడ్డున తొక్కే తెల్ల ఇసుకలో కొంత అది చేసినదే! పగడం రాయి కాదు, ప్రాణి. తాకరాదు, విరవరాదు, ఇంటికి తేరాదు. తెస్తే చట్టరీత్యా నేరం కూడా.

మూడో తప్పు: కుప్పం ఎత్తు

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. అయిదో రోజు పొద్దున్నే మునిగి, ఆ రోజే విమానం ఎక్కటం.

మునిగి తేలినవాడి ఒంట్లో నత్రజని ఇంకా కొంత మిగిలే ఉంటుంది. నేలమీద ఉన్నంతసేపు దానివల్ల బాధ లేదు. మెల్లిగా గంటల తరబడి బయటికి పోతుంది. కాని విమానం పైకి పోతే లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది. ప్రయాణికులు కూర్చునే చోట ఒత్తిడి, దాదాపు 2400 మీటర్ల కొండమీద ఉండేటంత పలచన కావచ్చు. అంటే సగం మూసి ఉన్న సోడా సీసాను మళ్ళీ తెరిచినట్టే. నేలమీద దిగిన బుడగల రోగికి పీడన గది ఉన్న ఆసుపత్రి ఎక్కడో వెతుక్కోవచ్చు. ఆకాశంలో ఉన్నవాడికి ఏం చేస్తాం?

అందుకే 2002లో ఈ విషయం తెలిసినవారు కూడి ఒక సలహా ఇచ్చారు. ఒక్కసారే మునిగినవాడు విమానానికి ముందు కనీసం 12 గంటలు ఆగాలి. అనేకసార్లు, అనేక రోజులు మునిగినవాడు కనీసం 18 గంటలు ఆగాలి. చాలామంది జాగ్రత్తపరులు 24 గంటలు ఆగుతారు.

ఇక్కడ కుప్పంవాళ్ళకు ఉన్న చిక్కు ఒకటి చెపుతాను. ఆ సలహా ఏ ఎత్తునుంచి వర్తిస్తుందో తెలుసా? సుమారు 600 మీటర్లనుంచి. మరి కుప్పం ఎత్తు ఎంత? సముద్రమట్టానికి ఇంచుమించు 700 మీటర్లు! మద్రాసునుంచి వచ్చే రైలు జోలార్‌పేట దాటి, మల్లానూరువైపు ఎగువకు ఎక్కటం మీరు చూసే ఉంటారు. మదనపల్లె, పుంగనూరు కూడా ఇటువంటి మిట్టమీది ఊళ్ళే. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్రపు ఒడ్డునకంటె నూటికి 8 పాళ్ళు తక్కువ. కుప్పంలో నీళ్ళు 100 డిగ్రీలకు కాక, సుమారు 98 డిగ్రీలకే మరుగుతవి.

ఇందువల్ల ఏం తేలింది? పుదుచ్చేరిలో కూడా స్కూబా కేంద్రాలు ఉన్నవి. మద్రాసు కుర్రవాడు పొద్దున పుదుచ్చేరిలో మునిగి, సాయంత్రం కారులో ఇంటికి పోతే భయం లేదు; అతని ఇల్లు సముద్రమట్టానే ఉంది. అతని పక్కనే మునిగిన కుప్పం కుర్రవాడు ఆ సాయంత్రమే ఇంటికి బయలుదేరితే, తనకు తెలియకుండానే చిన్న విమానం ఎక్కినట్టు! ఒకే సముద్రం, ఒకే మునక. కాని ఇంటి ఎత్తును కూడా లెక్కలో చేర్చుకోవాలి. మునిగే పుస్తకాలు లోతు గురించే ఎక్కువగా చెపుతవి. మిట్టమీద పుట్టినవాళ్ళం మనం ఎత్తును కూడా గుర్తుంచుకోవాలి.

దిద్దిన పథకం

ఇప్పుడు చిన్నాయన పథకాన్ని తిరిగి రాద్దాం. ప్రయాణం ఏప్రిల్ చివర.

మొదటి రోజు: శ్రీ విజయపురంలో దిగటం. పోర్ట్ బ్లేర్‌కు 2024లో పెట్టిన పేరు ఇది. బజారులో తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపడవద్దు. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కణ్ణించి పడవలో స్వరాజ్ ద్వీపం. పూర్వం దీన్ని హావ్‌లాక్ అనేవారు. ఆ రోజు ఎవరూ మునగరాదు. ఒడ్డున నిలబడి పోటూ, తీతా చూడటమే పని. రాత్రి కడుపునిండా నిద్ర.

రెండో రోజు: పెద్దవాళ్ళిద్దరూ అక్కడి మార్గదర్శితో లోతు తక్కువ ఉన్న చోట ఒడ్డునుంచి పరిచయపు మునక. నీకు నడుము లోతు నీళ్ళలో పాఠం: నోటితో పీల్చటం, అద్దంలో చేరిన నీళ్ళు ఊది పంపటం, చేతి సంజ్ఞలు.

మూడో రోజు: పెద్దవాళ్ళకు పడవ మునకలు రెండు. లోతైనది ముందు, లోతు తక్కువది తర్వాత. నడుమ గంటకు పైగా విరామం.

నాలుగో రోజు: పొద్దున్నే పోటు చూసుకుని, కేంద్రంవారు ఒప్పుకుంటే, తెలిసిన ఆ చోటనే పెద్దవాళ్ళ ఒడ్డు మునక, కాపలా నీది. తర్వాత శిక్షకుడి చేయి పట్టుకుని నీ మునక. 11 గంటలకల్లా అందరూ నేలమీద ఉండాలి. ఆపైన ఎవరూ నీళ్ళలో మునగరాదు.

అయిదో రోజు: పొద్దున పడవలో తిరుగు ప్రయాణం. వేళ ఉంటే సెల్యులర్ జైలు చూడండి. 1906లో పూర్తయిన ఆ జైలులో మన స్వాతంత్ర్య వీరులెందరో మగ్గారు. మధ్యాహ్నం తర్వాత విమానం. ఆఖరి మునక అయి 24 గంటలు దాటింది. ఇప్పుడు విమానమూ ఎక్కవచ్చు, కుప్పం మిట్టా ఎక్కవచ్చు.

లెక్క చూడు, తమ్ముడూ! మునకలు ఒకటి రెండు తగ్గినవి, అంతే. అయిదుగురు పోతే అయిదుగురూ కుంటకుండా ఇంటికి వస్తారు.

“చిన్నాయన పథకంలో తప్పుందని నేనెట్లా చెప్పేది?” అంటావు గదూ? తప్పని చెప్పవద్దు. ఒక ప్రశ్న అడుగు: “చిన్నాయనా! ఆఖరి మునకకూ విమానానికీ నడుమ ఎన్ని గంటలు వస్తవి?” కార్డు సంపాదించినవాడు గనక ఆయనకు చదివింది వెంటనే గుర్తుకువస్తుంది. సెలవుల సంబరంలో పెద్దవాళ్ళు కూడా మరచిపోతుంటారు. అడిగినవాడికి సిగ్గు ఒక్క నిమిషమే.

చేసి చూడండి

రెండు సోడా సీసాలు తెచ్చుకోండి, తిప్పే మూతలున్నవి. ఒకదాని మూత ఒక్కసారిగా తీయండి. రెండోదాన్ని కొంచెం తిప్పి, బుస ఆగేదాకా ఆగి, మళ్ళీ కొంచెం తిప్పండి. ఇట్లా అయిదారు అంచెలలో తీయండి. ఏది పొంగింది? ఏది పొంగలేదు? హాల్డేన్ మేకలు చెప్పింది కూడా ఇదే.

ఇక ఈ నెల లెక్క: పైన చెప్పిన సిలిండరుతోనే, అంతే గాలి పీల్చే మనిషి 15 మీటర్ల లోతున ఎన్ని నిమిషాలు ఉండవచ్చు? ఆపదకు 600 లీటర్లు మిగల్చటం మరచిపోకండి! జవాబు వచ్చే నెల.